వంటింటి శుభ్రతపై ఆలుమగల తగువు: తీర్చుకోవడం ఎలా?

"వాసన ఏమీ రావట్లేదు, బాగానే ఉంది" అంటారు ఒకరు. "రాత్రంతా బయటే ఉంది, పారబోసెయ్" అంటారు ఇంకొకరు. మిగిలిన అన్నం గిన్నె దగ్గర మొదలైన మాట కాసేపట్లోనే "మీ ఇంట్లో ఇలాగే తింటారేమో" దాకా పోతుంది. ఇక అన్నం సంగతి పక్కకు పోయి రెండు కుటుంబాల పరువు మధ్యలోకి వస్తుంది. మర్నాడు మళ్లీ అదే గిన్నె, అదే మాట.

కొత్తగా కాపురం పెట్టినవాళ్లకూ, పదేళ్లు కలిసి ఉన్నవాళ్లకూ ఈ తగువు ఉంటుంది. ఎందుకంటే ఇద్దరూ చెరో వంటింట్లో పెరిగారు. ఒకరింట్లో అంట్లు తోమి, గట్టు తుడవనిదే పడుకోరు. ఇంకొకరింట్లో పొద్దున పనమ్మాయి వచ్చేదాకా అంట్లు సింక్‌లోనే ఉంటాయి. ఎవరి అలవాటు వాళ్లకు శుభ్రంగానే కనిపిస్తుంది.

ఈ తగువుల్లో కొన్ని రోగాలకు సంబంధించినవి. వాటిలో రాజీ పనికిరాదు. మిగతావి అలవాట్లకూ ఇష్టాలకూ సంబంధించినవి. వాటిలో పంతం పనికిరాదు. ఏది ఏ కోవలోదో విడదీసుకోవడం నేర్చుకుంటే చాలు, సగం గొడవలు మొదలే కావు. అదెలాగో వరసగా చూద్దాం.

1. గొడవ లేని పూట కూర్చోండి

పొయ్యి మీద కూర మాడుతున్నప్పుడో, ఆఫీసు నుంచి అలసి వచ్చినప్పుడో ఈ మాట ఎత్తకండి. భోజనం అయ్యాక, టీవీ కట్టేసి ఒక అరగంట కూర్చోండి. ఒక కాగితం, పెన్ను చాలు. ముందే ఒక ఒప్పందం చేసుకోండి: ఈ అరగంటలో "మా అమ్మ", "మీ అమ్మ" అన్న మాటలు రాకూడదు. పెద్దవాళ్లను పోలికలోకి లాగితే అవతలివాళ్లు వినడం మానేసి తమవాళ్లను కాపాడుకునే పనిలో పడతారు.

2. చిరాకు పెట్టేవన్నీ రాయండి

ఇద్దరూ విడివిడిగా రాయండి. "నువ్వు శుభ్రంగా ఉండవు" లాంటి తీర్పులు వద్దు, కంటికి కనిపించే పనులే రాయాలి. "కూర రుచి చూసిన గరిటె మళ్లీ గిన్నెలో పెడుతున్నావు", "చికెన్ కోసిన చాకుతోనే కొత్తిమీర తరుగుతున్నావు", "మసిగుడ్డతోనే ప్లేట్లు తుడుస్తున్నావు". ఇలా రాస్తే ఏ పని మార్చుకోవాలో తెలుస్తుంది. "నీకు శుభ్రత లేదు" అంటే మార్చుకోవడానికి అందులో ఏమీ దొరకదు.

3. మూడు గళ్లలో సర్దండి

కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఆరోగ్యం, ఇష్టం, ఆచారం. ఒక్కో అంశానికీ ఒకటే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో పట్టుకునే ప్రమాదం ఉందా? ఉంటే అది మొదటి గడిలోకి వెళ్తుంది.

పులిసిన పెరుగు, పులిసిన ఇడ్లీ పిండి ఇష్టం గడిలోవి. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుంది, పాడవడం వేరే సంగతి. డబ్బాలన్నీ ఒకే సైజులో ఉండాలన్నదీ, అంట్లు రాత్రే తోమాలన్నదీ ఇష్టాలే. అయితే బొద్దింకలు తిరగడం మొదలైతే అంట్ల సంగతి ఆరోగ్యం గడిలోకి మారుతుంది.

ఆచారం గడిలో నిదానంగా ఉండాలి. ఎంగిలి గరిటె గిన్నెలో పెట్టకూడదన్న పట్టింపు మంచిదే. ముక్కులో, గొంతులో ఉండే స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా వంటలోకి చేరకుండా అది కాపాడుతుంది. గరిటెతో చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసే పాత పద్ధతి నేటికీ చక్కనిదే, ఆ తర్వాత చెయ్యి కడుక్కుంటే చాలు. కానీ నెలసరి రోజుల్లో వంటింట్లోకి రాకూడదనడానికి ఆహార భద్రతతో ఏ సంబంధమూ లేదు. పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టడం శుభ్రత కిందికి రాదు, అది వివక్ష. ఆ రెంటినీ కాగితం మీంచి కొట్టేయండి.

4. ఆరోగ్యం గడిలో రాజీ పడకూడనివి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి ఐదు సూత్రాలు చెప్పింది: శుభ్రంగా ఉంచండి, పచ్చివీ వండినవీ వేరుచేయండి, బాగా ఉడికించండి, సరైన ఉష్ణోగ్రతలో దాచండి, మంచి నీళ్లూ మంచి సరుకులూ వాడండి. కలుషిత ఆహారం వల్ల ఏటా ప్రపంచంలో 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారనీ, 4.2 లక్షల మంది చనిపోతున్నారనీ, వారిలో 1.25 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలేననీ అదే సంస్థ 2015లో అంచనా వేసింది. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉంటే ఈ గడిని ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

మిగిలిన అన్నం. ఎక్కువ గొడవలు ఇక్కడే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గిన్నె గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. కాబట్టి "పొద్దున పోపు పెడితే అన్నీ చస్తాయి" అన్న మాట నిలవదు. "వాసన రాలేదు" అన్నదీ నిలవదు. జబ్బు తెచ్చే బాక్టీరియా చాలాసార్లు వాసననూ రుచినీ మార్చదు.

చేయాల్సింది ఇది. తినగా మిగిలిన అన్నాన్ని లోతు గిన్నెలో ముద్దగా ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే త్వరగా చల్లారుతుంది. వండిన రెండు గంటల్లోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో సర్దేయండి. ఎండాకాలం గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే సర్దాలి. కాస్త గోరువెచ్చగా ఉన్నా పరవాలేదు. పూర్తిగా చల్లారాలని అర్ధరాత్రి దాకా బయట ఉంచడమే ప్రమాదం. మర్నాడు ఆవిరి పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేసి తినేయండి. పులిహోర కలపాలన్నా ఫ్రిజ్‌లో పెట్టిన అన్నంతోనే కలపండి.

"మరి మా తాతలు చద్దన్నం తినలేదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. నీళ్లూ మజ్జిగా పోసి పులియబెట్టిన చద్దన్నంలో ఆమ్లం పుడుతుంది, ఆ పులుపులో చాలా రకాల బాక్టీరియా పెరగలేదు. పొయ్యి మీద మూతపెట్టి వదిలేసిన పొడి అన్నానికి ఆ రక్షణ లేదు.

చికెన్. కుళాయి కింద పెట్టి కడిగితే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ఉన్న తుంపర్లు సింక్ చుట్టూ, గట్టు మీద ఆరబెట్టిన గ్లాసుల మీద, పక్కన పెట్టిన కొత్తిమీర మీద పడతాయి. ఉప్పు, పసుపు, నిమ్మరసం రుద్దినా ఆ బాక్టీరియా పూర్తిగా పోదు. దాన్ని చంపేది పొయ్యి మీది వేడే. అందుకే కడగకుండా వండడమే మేలని ఆహార భద్రతా సంస్థలు చెబుతాయి. మన దుకాణాల్లో కొట్టించుకున్న చికెన్‌కు నెత్తురు, ఈకల ముక్కలు అంటుకుని ఉంటాయి కాబట్టి కడగనిదే ఒకరికి మనసొప్పకపోవచ్చు. అప్పుడు మధ్యేమార్గం ఉంది. సింక్‌లోని అంట్లూ, చుట్టూ ఉన్న గిన్నెలూ ముందు తీసేయండి. గిన్నెలో నీళ్లు పట్టుకుని, కుళాయి కట్టేసి, చికెన్ అందులో ముంచి చేత్తో నెమ్మదిగా కడగండి. నీళ్లు చిందకుండా వంచేయండి. వెంటనే సింక్‌నూ గట్టునూ సబ్బుతో, వేడినీళ్లతో కడిగి, చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దుకోండి. కడగాలని పట్టుబట్టినవాళ్లే ఈ శుభ్రం చేసే పనీ చేయాలి.

మాంసానికి ఒక చాపింగ్ బోర్డు, చాకు, కూరగాయలకు ఇంకొకటి పెట్టుకోండి. కత్తిపీట ఒకటే ఉంటే కూరగాయలు ముందు తరిగి, మాంసం తర్వాత కోసి, సబ్బుతో కడగండి. పచ్చి మాంసం ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. లేకపోతే దాని నీళ్లు కింది గిన్నెల్లోకి కారతాయి. ముక్క లోపలిదాకా 70 డిగ్రీలు దాటేలా ఉడకాలి, ఎముక దగ్గర ఎర్రటి రసం కనిపించకూడదు.

మసిగుడ్డ, పీచు. గిన్నె దించే గుడ్డతోనే గట్టు తుడిచి, చేతులూ తుడుచుకుంటే ఒక చోటి మురికి అన్ని చోట్లకూ చేరుతుంది. మూడు పనులకు మూడు గుడ్డలు, మూడు రంగుల్లో పెట్టుకోండి. రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. తడిగా ముద్దలా పడి ఉండే స్పాంజ్‌లో బాక్టీరియా బాగా పెరుగుతుంది కాబట్టి పిండి నిలబెట్టండి, వాసన మొదలవగానే మార్చేయండి.

బూజు. బ్రెడ్ మీద ఒక మూల బూజు కనిపించినా మొత్తం పారేయండి, దాని వేర్లు కంటికి కనిపించకుండా లోపలికి పాకుతాయి. తడి గరిటె పెట్టి బూజు పట్టించిన పచ్చడి కూడా అంతే. రంగు మారి, ముడతలు పడి, చేదుగా ఉన్న పల్లీలు ఏరి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు.

ఫ్రిజ్. లోపల 5 డిగ్రీలకు మించకూడదు. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెడితే మీ ఇద్దరి వాదన అదే తీరుస్తుంది. కరెంటు పోతే తలుపు తీయకండి. తీయకపోతే లోపలి చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. వండిన కూరలు మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. డబ్బా మీద తేదీ రాసిన చిన్న కాగితం అంటిస్తే ఇవి ఎప్పటివన్న గొడవే ఉండదు.

5. మనిషిని వదిలి గడియారాన్ని చూపించండి

"నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నది నింద. "అన్నం వండి రెండు గంటలయింది, సర్దేద్దామా?" అన్నది పని. రెండో మాటలో తప్పు ఎవరిదన్న ప్రశ్న రాదు. అవతలివాళ్లు తింటుండగా పళ్లెం దగ్గర ముక్కు చిట్లించకండి, ఆ అవమానం చాలాకాలం గుర్తుంటుంది. అనుమానం ఉంటే వడ్డించకముందే చెప్పండి. నచ్చకపోతే తాను తినకుండా ఉండే హక్కు ఇద్దరికీ ఉంది, తిట్టే హక్కు ఎవరికీ లేదు. పిల్లల పళ్లెం విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉందామన్నవాళ్ల మాటే నెగ్గాలి.

6. నియమంతో పాటు పనినీ పంచుకోండి

చాలా ఇళ్లలో అసలు పుండు ఇదే. ఒకరు నియమం పెడతారు, చాకిరీ ఇంకొకరికి పడుతుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెట్టేవారు. వంటంతా చేసి అలసిన మనిషికి సోఫాలోంచి శుభ్రత పాఠం చెబితే అది ఎంత నిజమైనా చెవికెక్కదు. చెప్పేవాళ్లు చెయ్యి కలపాలి.

కాబట్టి మొదటి గడిలోని ఒక్కో నియమం పక్కనా ఒక పేరు రాయండి. వంట ఒకరిదైతే మిగిలినవి సర్దడం, గట్టు కడగడం రెండోవాళ్లది. రెండో గడిలోవాటికి సూటి సూత్రం: ఎవరికి ఎక్కువ పట్టింపో వాళ్లే చేసుకోవాలి. విరేచనాలు పట్టుకున్నవాళ్లు తగ్గిన తర్వాత కూడా 48 గంటల దాకా వంట చేయకూడదు. అంటే ఇద్దరికీ కనీసం నాలుగు వంటలు వచ్చి తీరాలి.

7. పెద్దవాళ్లతో ఎవరివాళ్లతో వాళ్లే మాట్లాడండి

అత్తగారికి కోడలు, అత్తమామలకు అల్లుడు నియమాలు చెబితే అది ఎదురుచెప్పడంగా కనిపిస్తుంది. "అమ్మా, పాపకి కడుపు త్వరగా పాడవుతోంది, అన్నం తొందరగా ఫ్రిజ్‌లో పెట్టేద్దాం" అని కన్నకొడుకో కన్నకూతురో అంటే మాట తేలిగ్గా చెల్లుతుంది. వాళ్లు పాటిస్తున్న మంచి పద్ధతులు, ఊరగాయకు పొడి గరిటె వాడటం, కాళ్లూ చేతులూ కడుక్కుని వంటింట్లోకి రావడం లాంటివి మీ జాబితాలో పైన రాయండి. తమ మాటకు విలువ ఉందని తెలిస్తే కొత్త మాటా వింటారు.

8. నెలకోసారి కాగితం తీయండి

ఏ నియమం నిలిచింది, ఏది నిలవలేదు అని చూసుకోండి. నిలవనిది ఎక్కువసార్లు సౌకర్యం లేకే ఆగిపోతుంది. రెండో చాపింగ్ బోర్డు కొనలేదు, ఫ్రిజ్‌లో చోటు లేదు, సరిపడా డబ్బాలు లేవు. ముందు ఆ లోటు తీర్చండి.

ఎవరికైనా కడుపు పాడైతే ఆ పూట విచారణ వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. మలంలో రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, జబ్బుపడింది చంటిపిల్లలైనా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కోలుకున్నాక ఏ నియమం తప్పిందో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారానికి రెండు గంటల నియమం ఒక్కటే తీసుకోండి, సర్దే వంతు రోజుకొకరు వేసుకోండి. అది కుదిరాక చాకులూ గుడ్డల సంగతి చూడండి. ఇద్దరూ కూర్చుని పెట్టుకున్న నియమాన్ని గుర్తుచేస్తే ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అది ఇద్దరి మాట.