నోరెండితే నీళ్లొక్కటే చాలవు

ప్రశ్న: అలిపిరి మెట్ల దగ్గర అంగడి పెట్టుకున్నాను. వయసు 58. షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నాను. నోరు ఎప్పుడూ పిడచకట్టుకుపోతుంటే నిమ్మ బిళ్లలు చప్పరిస్తున్నాను. చిగుళ్ల దగ్గర పళ్లు పుచ్చుతున్నాయి. ఇది వయసు వల్లేనా?

జవాబు: వయసు మీదికి నెట్టేయకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముసలితనంలోనూ లాలాజలం సరిపడానే ఊరుతుంది. షుగరు అదుపు తప్పడం, మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు, జలుబుకో నిద్రకో వేసుకునే మాత్రలు నోటిని ఎండగడతాయి. ఎండే కారణమని మీకు అనిపించవచ్చు. 3,550 మెట్లు నోటితో గాలి పీలుస్తూ ఎక్కే భక్తుడికీ నోరెండుతుంది, కానీ కాసేపు కూర్చుని నీళ్లు తాగితే తగ్గిపోతుంది. మీకు తగ్గడం లేదు, పైగా పుచ్చు చిగురు అంచునే పడుతోంది. లాలాజలంలోని బైకార్బనేటు ఆమ్లాన్ని విరిచేస్తుంది, కాల్షియం, ఫాస్ఫేటు పంటిని మళ్లీ గట్టిపరుస్తాయి. ఆ కాపలా తగ్గితే ముందు దెబ్బతినేది చిగురు దిగి బయటపడ్డ పంటి వేరే. ఎనామెల్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలైతే, ఆ పొర లేని వేరు 6 దాటి ఉండగానే మెత్తబడుతుంది.

నీళ్లు నోటిని తడుపుతాయి గానీ లాలాజలం చేసే ఈ కాపలా పని చెయ్యవు. నిమ్మ బిళ్లతో నోరూరుతుంది కదా అంటారు, నిజమే. కానీ చక్కెర, పులుపు గంటల తరబడి పంటికి తగులుతూనే ఉంటాయి. వాటిని ఈరోజే మానండి. బదులుగా చక్కెర లేని, జైలిటాల్ కలిపిన చూయింగ్ గమ్ నమలండి. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, నురగ ఉమ్మేసి, పుక్కిలించకుండా పడుకోండి. మాత్రలు సొంతంగా ఆపొద్దు; చీటీ డాక్టరుకు చూపిస్తే మార్చగలిగినవి మారుస్తారు. కళ్లు కూడా ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే, నోటినీ కళ్లనూ ఎండగట్టే షోగ్రెన్ జబ్బు ఉందేమోనని స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకోండి.