మొదటి వారం తొందరపడకు



ఇంగ్లండులో పరీక్షలయ్యాక కెన్యాలోని ఇటెన్‌ వెళ్ళి నాలుగు వారాలు పరుగు సాధన చేస్తానని, అక్కడి బడిలో పిల్లలకు లెక్కలు చెబుతానని రాశావు. చాలా సంతోషం. ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ఇటెన్ సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో దాదాపు ముప్పాతిక వంతే. అందుకే ఒక్కో ఊపిరికి తక్కువ ఆక్సిజన్ అందుతుంది. ఆ లోటు పసిగట్టి మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతాయి, దాంతో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. ఆ పెరుగుదల ఒంటికి పట్టడానికి మూడు నాలుగు వారాలు కావాలి. నువ్వెంత ఆత్రపడినా రక్తం తన లెక్క ప్రకారమే తయారవుతుంది.

కాబట్టి మొదటి వారం పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్ళు. గురువారం పొద్దున అక్కడ వందల మంది కలిసి వేగం పెంచుతూ తగ్గిస్తూ పరిగెత్తే ఫార్ట్‌లెక్ చేస్తారు. చూస్తే కాళ్ళు ఆగవు. అయినా మొదటి గురువారం దారి పక్కన నిలబడి చూడు, చాలు. బయల్దేరే ముందే ఫెరిటిన్ పరీక్ష చేయించుకో. ఇనుము నిల్వలు తక్కువగా ఉంటే అంత ఎత్తుకు వెళ్ళిన ఫలితం దక్కదు. మాత్రలు డాక్టరు చెబితేనే వేసుకో. తిండికి బెంగ లేదు. వాళ్ళ ఉగాలి మొక్కజొన్న పిండితో చేసిన సంగటి లాంటిదే, సుకుమా వికీ అనే ఆకుకూరతో తింటారు.

బడిలోనూ మొదటి వారం అలాగే గడుపు. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. 1976లో ఐర్లండు నుంచి బ్రదర్ కోల్మ్ ఓకానెల్ ఇటెన్‌లోని సెయింట్ పాట్రిక్స్ హైస్కూలుకు భూగోళం చెప్పడానికి వచ్చారు. పరుగు శిక్షణ ఆయన ముందే నేర్చుకున్న విద్య కాదు. ఆ పిల్లల మధ్యే ఉండి నేర్చుకున్నారు. అక్కడ చదివిన పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. బ్రదర్ కోల్మ్ తీర్చిదిద్దిన డేవిడ్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1 నిమిషం 40.91 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. బ్రదర్ కోల్మ్ దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయారు. నీకున్నవి నాలుగు వారాలు. అందుకని టీచరు స్థానంలోకి కాదు, టీచరుకు సాయంగా వెళ్ళు. మొదట వెనక బెంచీలో కూర్చుని విను. నోటుబుక్కులు దిద్దిపెట్టు. వెనకబడ్డ నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని, టీచరు చెప్పిన పద్ధతిలోనే లెక్క మళ్ళీ చేయించు. నువ్వు వచ్చేశాక కూడా ఆ పాఠం సాగాలి కదా.

ఆగస్టులో వాళ్ళకు బడి సెలవులు, అందుకే జూన్‌లోనే వెళ్ళు. జీతం లేని పనికైనా అనుమతి కావాలేమో ముందే అడిగి తెలుసుకో. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి వస్తానన్నావు కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. ఆ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో దిగగానే క్వారంటైన్‌లో ఉంచుతారు.

చివరగా ఒక్కటి. మా బడికి ఏటా బీఎడ్ ట్రైనింగ్ టీచర్లు వచ్చేవాళ్ళు. కథలు చెప్పేవాళ్ళు, ఆడించేవాళ్ళు, పిల్లలు వాళ్ళను వదిలేవాళ్ళు కాదు. గడువు తీరాక ఒకరోజు రావడం మానేసేవాళ్ళు. ఆ తర్వాత చాలా రోజులు పిల్లలు నా చెయ్యి పట్టుకుని ‘ఆ టీచర్ ఎప్పుడొస్తారు సార్’ అని అడిగేవాళ్ళు. నా దగ్గర జవాబుండేది కాదు.

అందుకే తల్లీ, బడిలో అడుగుపెట్టిన రోజే నువ్వు వెళ్ళిపోయే తేదీ పిల్లలకు చెప్పు. బోర్డు మీద ఓ మూల రాసిపెట్టు. ఆ తేదీ దాకా ఒక్క రోజు కూడా బడి మానకు.

ఇట్లు
మీ పెదనాన్న