పదహారేళ్ల పిల్లలకు పెద్ద కారు తాళం ఇచ్చే ముందు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదో, నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాలోనో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లోనో బండి నేర్చుకుని అమెరికా చేరిన తల్లిదండ్రులకు ఇక్కడి రోడ్లు మొదట్లో చాలా తేలికగా అనిపిస్తాయి. ఎవరి లేన్ వారిది, ఎదురొచ్చే ఆటోలు లేవు, హారన్ల గోల లేదు. పిల్లల డ్రైవింగ్ విషయంలో మనం పొరబడేది ఆ తేలికను చూసే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర రద్దీయే బండిని పట్టి ఉంచుతుంది. అక్కడ కొత్తవాళ్ల పొరపాటు చాలాసార్లు బంపర్ సొట్టతో పోతుంది. ఇక్కడ అదే పొరపాటు ఫ్రీవే మీద గంటకు 70 మైళ్ల వేగంలో జరుగుతుంది. వేగం రెండింతలైతే ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే ఇంట్లో ఉన్నది బలమైన కారే అయితే, తాళం ఇచ్చే ముందు దాని బలం తగ్గించాలి. అనుభవం పెరిగేకొద్దీ మాత్రమే ఆ బలాన్ని తిరిగి ఇవ్వాలి.

చట్టం ఒప్పుకుంది కదా అనుకోవడం చాలదు. మన దేశంలో కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 2019 చట్ట సవరణ తర్వాత మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. టెక్సస్‌లో 15 ఏళ్లకే లెర్నర్ లైసెన్సు ఇస్తారు. వయసు తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. అమెరికాలో 16 నుంచి 19 ఏళ్లవాళ్లు నడిపే ప్రతి మైలుకూ ప్రాణాంతక ప్రమాదాల రేటు, ఇరవై దాటినవాళ్ల రేటుకు దాదాపు మూడు రెట్లు. 2012లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ట్రిపుల్ ఏ ఫౌండేషన్ చేసిన అధ్యయనంలో 16, 17 ఏళ్ల డ్రైవర్ పక్కన 21 ఏళ్లలోపు స్నేహితుడు ఒక్కడు కూర్చున్నా ఆ డ్రైవర్ మరణించే ముప్పు 44 శాతం పెరిగింది. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఎక్కితే నాలుగింతలైంది. నిండుగా ఎక్కిన స్నేహితులు, రాత్రి వేళ, కాలి కింద గట్టి పికప్, ఈ మూడూ ఒకచోట చేరకుండా చూడటమే మన పని.

కారులోనే అందుకు కొన్ని ఏర్పాట్లున్నాయి, చాలామంది వాటిని తెరిచి కూడా చూడరు. టెస్లాలో పిన్ పెట్టి వేగానికి హద్దు గీయవచ్చు. 2024లో తల్లిదండ్రుల కోసం వచ్చిన కంట్రోళ్లతో పికప్ తగ్గించే చిల్ మోడ్‌ను ఖాయం చేయవచ్చు, పెట్టిన గడువు దాటి రాత్రి కారు కదిలితే ఫోన్‌కు కబురొస్తుంది. ఫోర్డ్ మైకీ, షెవ్రొలే టీన్ డ్రైవర్ సెట్టింగులు ఉన్న కార్లలో బెల్టు పెట్టుకునేదాకా పాటలు వినపడవు. అయితే వేగపు హద్దు ఒక్కటే నమ్ముకుంటే సరిపోదు. టెస్లాలో ఆ హద్దు 50 మైళ్ల కన్నా కిందకు దిగదు. ఇళ్ల మధ్య 25 మైళ్ల రోడ్డు మీద అది ఏ రక్షణా ఇవ్వదు. ఎలక్ట్రిక్ కారు పెడల్ తాకగానే ముందుకు ఉరుకుతుంది. కాబట్టి నా దృష్టిలో వేగపు హద్దు కన్నా పికప్ తగ్గించే చిల్ మోడే ముఖ్యం.

ఫ్రీవేలో కలవాలంటే ఆ మాత్రం పికప్ ఉండాలి కదా అని అడుగుతారు. చిల్ మోడ్‌లోనూ అందుకు సరిపడా పికప్ ఉంటుంది. కొత్తవాళ్లకు కొరవడేది అద్దంలో వెనక బండి వేగాన్ని అంచనా కట్టే చూపు, అది పక్కన పెద్దవాళ్లు కూర్చుని గంటలు గంటలు నడిపిస్తేనే వస్తుంది. పాత చిన్న కారు కొనిస్తే పోతుందన్న మాటలో సగమే నిజం. బలం తక్కువే గానీ, గుద్దుకున్నప్పుడు చిన్న కారు లోపలివాళ్లను అంతగా కాపాడలేదు; అమెరికాలోని ఇన్సూరెన్స్ భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ కూడా పిల్లలకు చిన్న కార్లూ వద్దు, ఎక్కువ హార్స్‌పవరున్నవీ వద్దు అంటుంది. బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి తప్పనిసరి కనుక, వేరే కారు కొనేటట్టయితే అంతకన్నా పాతది చూడకండి, మధ్య సైజుది చూడండి. ఖరీదైన దృఢమైన కారే రక్ష అనుకునేవాళ్లు 2017 మే నెలలో జూబ్లీహిల్స్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. మితిమీరిన వేగంతో మెట్రో పిల్లర్‌ను ఢీకొన్న బెంజ్ కారులో ఒక మంత్రి కుమారుడు, అతని స్నేహితుడు ప్రాణాలు కోల్పోయారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం, పిల్లలు దీన్ని అపనమ్మకంగా తీసుకుంటారన్నది. ఆ బాధ నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఈ హద్దు వాళ్ల గుణానికి కాదు, లేని అనుభవానికి. న్యూజెర్సీలో 2010 నుంచి 21 ఏళ్లలోపు ప్రొబేషనరీ డ్రైవర్లందరూ నంబరు ప్లేటు మీద ఎర్ర స్టిక్కరు అంటించుకోవాలి. అక్కడ మంచి పిల్లలు, అల్లరి పిల్లలు అన్న తేడా లేదు. ఏ హద్దు ఎప్పుడు ఎత్తేస్తారో ముందే పిల్లలతో కూర్చుని మాట్లాడి చెప్పండి, చెప్పిన గడువుకు ఎత్తేయండి.

పక్కన కూర్చుని చేయించాల్సిన ప్రాక్టీసు టెక్సస్‌లో 30 గంటలు, కాలిఫోర్నియాలో 50. రెండు చోట్లా అందులో పది రాత్రి గంటలు. అది కనీసం మాత్రమే. వర్షంలోనూ, చీకట్లోనూ, ఫ్రీవే మీదా కలిపి దానికి రెట్టింపు చేయించండి. ఇన్సూరెన్స్ పాలసీలో పిల్లల పేరు చేర్పించండి, పిన్ నంబరు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.