దూబగుంట రాత్రిబడి

పిల్లలూ! మీరు పగలు బడికి వెళతారు. ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు జిల్లా దూబగుంటలో తల్లులు రాత్రి వెళ్ళేవారు. 1990లో ఆ జిల్లాలో వయోజనుల చదువుకోసం 'అక్షరదీపం' మొదలైంది. పగలంతా కూలిపని చేసి, రాత్రి పలక పట్టేవారు. అలసిన చేతికి బలపం కూడా బరువే కదా!

వారి వాచకంలో 'సీతమ్మ కథ' ఒక పాఠం. సారా అనే మత్తుపానీయం వల్ల చితికిన కాపురం కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివితే, అది తమ ఇంటి కథే! ఇంటి సంపాదన సారా దుకాణానికే పోతున్నది. రోశమ్మ మొదలైన స్త్రీలు ఏకమై ఊరిలో సారా అమ్మకం ఆపించారు. పక్క ఊళ్ళ స్త్రీలూ కదిలారు. 1992లో అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది.

తరువాత వచ్చిన వాచకంలో దూబగుంట తల్లుల కథే ఒక పాఠమైంది.