చీజ్‌కు మైనం పూత - బూజు బెడద

పది లీటర్ల ఆవుపాలతో సుమారు ఒక కిలో గట్టి చీజ్ తయారవుతుంది. (ముర్రుపాలతో మనం వండుకొనే జున్ను వేరు.) మాగేలోపు బూజు పట్టిందా, పది లీటర్ల పాలూ పోయినట్లే. మొదటిసారి మేము పోగొట్టుకొన్నది అట్లాగే. పైకి ఆరినట్లున్న ముద్దకు తొందరపడి మైనం పూశాము. నెల తిరిగేసరికి పూత కింద చెమ్మ, నల్లని బూజు.

మైనం గాలిని ఆపుతుందిగాని లోపల మిగిలిన తేమను ఏమీ చేయలేదు. కనుక ఉప్పు పట్టించిన ముద్దను 10-13 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనంలో రోజూ తిరగవేస్తూ, చేతికి తడి తగలనంతవరకు ఆరనివ్వవలెను. సాధారణంగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా బూజు మచ్చ కనబడితే ఉప్పునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, మరల ఆరబెట్టవలెను. మన వేసవికి ఫ్రిజ్ తప్పదు. అందులో మాగడం నెమ్మది.

చీజ్ మైనమే వాడండి. కొవ్వొత్తి మైనం పెళుసు. ఆ పగుళ్లలోనుంచే బూజు దూరుతుంది. మైనాన్ని నేరుగా పొయ్యిమీద పెడితే అంటుకొంటుంది. వేడినీటి గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను.

గట్టి ముద్దపై ఒకచోట బూజు వస్తే, చుట్టూ, లోతుకూ అంగుళం మేర కోసివేసి మిగిలినది వాడుకోవచ్చు. కత్తి బూజుకు తగలరాదు. పూత ఉబ్బినా, దుర్వాసన వచ్చినా మొత్తం పారవేయవలెను. పనీరుకైతే చిన్న మచ్చ కనబడినా అంతే. పారవేసేది దాణాలో కలపకండి. అఫ్లాటాక్సిన్ వంటి బూజు విషం పశువు తింటే పాలలోకి వస్తుంది.