బాల్య స్థూలకాయం: తల్లిదండ్రుల పాత్ర

సమస్య తీవ్రత
అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-4 (2015-16)లో 2.1 శాతం. సర్వే-5 (2019-21) నాటికి 3.4 శాతమయ్యారు. అదే సర్వే-5లో 35.5 శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. కొరత, అధిక బరువు ఒకే సమాజంలో కలిసి కనిపించడమే పోషకాహార లోపపు 'జంట భారం'.

కొలమానం
బరువును (కిలోలు) ఎత్తు వర్గంతో (మీటర్లు) భాగిస్తే బీఎంఐ వస్తుంది. పిల్లల్లో దీన్ని వయసు, లింగాన్ని బట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 5-19 ఏళ్లవారిలో మధ్యగతం కంటే ఒక ప్రామాణిక విచలనం మించితే అధిక బరువు, రెండు మించితే స్థూలకాయం.

కారణాలు, పర్యవసానాలు
కూల్‌డ్రింకులు, చిప్స్, బేకరీ తిండి, ఫోన్ ముందు గడిచే సాయంత్రాలు, ఆటస్థలం లేని బడులు, చాలని నిద్ర ప్రధాన కారణాలు. వంశపారంపర్యత, అరుదుగా హార్మోన్ల లోపాలూ తోడవుతాయి. స్థూలకాయంతో టైప్-2 మధుమేహం, అధిక రక్తపోటు, ఫ్యాటీ లివర్ ముప్పు పెరుగుతుంది. తోటివారి వెక్కిరింతలు మనసును గాయపరుస్తాయి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?
- బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమన్న నమ్మకం వదలాలి. అలాగని 'లడ్డూ', 'బొండాం' అని పిలవకూడదు. బంధువులు అన్నా అడ్డుకోవాలి. అవమానపడిన పిల్లలు చాటుగా ఎక్కువ తింటారు.
- ఒక్కరికే పథ్యం పెట్టొద్దు. పప్పు, ఆకుకూర, మజ్జిగ, పండ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. తీపిని బహుమతిగా, తిండి మాన్పించడాన్ని శిక్షగా వాడొద్దు.
- 5-17 ఏళ్లవారికి రోజూ సగటున 60 నిమిషాల చురుకైన ఆట, 6-12 ఏళ్లవారికి 9-12 గంటల నిద్ర అవసరం.
- ఎదిగే వయసులో చాలామందికి బరువు నిలకడగా ఉంటే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ తగ్గుతుంది. వైద్యుల సలహా లేకుండా డైటింగ్ చేయించకూడదు.

విధాన చర్యలు
- ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు: కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న ఆహారాన్ని బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్లలోపూ అమ్మరాదు.
- 2025: పాఠశాలల్లో చక్కెర వాడకంపై అవగాహన కల్పించే 'షుగర్ బోర్డు'లు పెట్టాలని సీబీఎస్‌ఈ ఆదేశం.
- 2024: భారతీయులకు సవరించిన ఆహార మార్గదర్శకాలను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించింది.

ముగింపు
చట్టం బడి గేటు దగ్గర అమ్మకాన్ని ఆపగలదు. ఇంట్లో ఏం వండాలో, పిల్లలతో ఎలా మాట్లాడాలో నిర్ణయించేది కుటుంబమే. అందుకే బిడ్డ బరువును బిడ్డ తప్పుగా కాక, ఇంటి అలవాట్ల సమస్యగా చూడాలి.

మాదిరి ప్రశ్న: బాల్య స్థూలకాయ నివారణలో కుటుంబం, పాఠశాల, ప్రభుత్వాల పాత్రను చర్చించండి.