గుడికి కీబోర్డు కొనేముందు



మిరపకోతలు పూర్తయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మన పల్నాటి విచారణల్లో ఒక కోరిక తరచు వినబడుతుంది: "స్వామీ, ఈ పండుగకైనా గుడికి మంచి కీబోర్డు కొనాలి." ఏ కంపెనీ తయారుచేసినా మన ఊళ్ళలో దానిని 'కేసియో' అనే అంటారు. ఆ పేరుగల కంపెనీ తన మొదటి కీబోర్డును 1980లో విడుదల చేసింది. నలభై ఏళ్ళు దాటేసరికి కంపెనీ పేరే వస్తువు పేరైపోయింది.

కోరిక మంచిదే. అయితే దానికి పెట్టే డబ్బు ఎవరిది? ఎండలో కాయలు కోసిన తల్లులు ఆదివారంనాడు కానుకల సంచిలో వేసిన డబ్బు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కవేసుకుంటాడని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. ఆ లెక్క ఎలా వేయాలో ఈ వారం పాఠంగా చెప్పుకుందాం.

నేను చేసిన పొరపాటు

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో, క్రిస్మసుకు ముందు ఇద్దరు యువకులను వెంటబెట్టుకొని కీబోర్డు కొనడానికి పట్నం వెళ్ళాను. దుకాణంలోని కుర్రవాడు ఒక మీట నొక్కి, ఎడమచేతి మూడు వేళ్ళు మెట్ల మీద ఆనించాడు. డ్రమ్ములు, బేసు గిటారు, వయొలిన్లు ఒక్కసారిగా మోగాయి. మా ముగ్గురికీ నోట మాట రాలేదు. "ఆరువందల టోన్లు, రెండువందల రిథమ్స్ ఫాదర్" అన్నాడు. ఆ లెక్కకు మురిసిపోయానే గాని, ఆరువందల్లో మాకు కావలసినవి ఎన్ని అని అడగలేదు. విచారణ పెట్టెలో ఉన్నదంతా ఊడ్చి కొన్నాం.

క్రిస్మసు రాత్రి గుడి మోగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. సంక్రాంతి దాటాక ఒక సంగతి గమనించాను. ముప్పై ఏళ్ళుగా పాటలు ఎత్తుకొనే మామ్మ ఒకామె నోరు మెదపడం లేదు. ఆమె ఎత్తుకోకపోతే ఆడవాళ్ళ వరుసల్లో పాట లేదు. గానబృందంలోని ఆరుగురు మైకులో పాడుతుంటే రెండువందలమంది వింటున్నారు. ఎందుకని అడిగాను. "సామీ, ఆ పెట్టె మాకు సందియ్యదయ్యా. మేం ఊపిరి తీసుకొనేలోగా అది ఎల్లిపోతది. పైగా ఆ సుతి మాకు అందదు" అన్నది.

గమ్యం స్థిరపడ్డాకే సాధనాన్ని గురించి ఆలోచన సాగుతుందని అరిస్టాటిల్ చెప్పిన సంగతిని సెమినరీలో పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. దుకాణంలో అది గుర్తుకు రాలేదు. బడికి వెళ్ళని మామ్మ గుర్తుచేసింది.

శ్రీసభ ఏమంటుంది?

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దివ్యార్చన సంవిధానం పైపుల ఆర్గనుకు గౌరవస్థానం ఇచ్చింది. పవిత్రకార్యానికి తగినవైతే, స్థానిక శ్రీసభ అధికారుల సమ్మతితో, ఇతర వాయిద్యాలు వాడుకోవడానికి కూడా వీలు కల్పించింది. పవిత్ర సంగీతాన్ని గురించి 1967 మార్చి 5న వచ్చిన ఉపదేశ పత్రం వాయిద్యం చేయవలసిన పని ఏమిటో చెప్పింది. అది గొంతులకు ఆసరా కావాలి, ప్రజలు పాల్గొనడాన్ని సులువు చేయాలి, కూడినవారిని ఒక్కటి చేయాలి. పాటలోని మాటలు వినబడకుండా ముంచెత్తకూడదు.

అంతకుముందు 1958 సెప్టెంబరు 3 నాటి ఉపదేశ పత్రం, దానంతటది మోగే యంత్రాలను, గ్రామఫోను, రేడియో, టేపు వంటివాటిని దివ్యార్చనలో సంగీతానికి వాడరాదన్నది. కీబోర్డులోని రిథమ్ అచ్చంగా టేపు కాదు. వాయించేవాని చేతిని బట్టి అది మారుతుంది. కాని మనిషి పని తగ్గి యంత్రం పని పెరిగినకొద్దీ అది టేపుకు దగ్గరవుతుందని నా అభిప్రాయం. పెన్‌డ్రైవులో పాట పెట్టి పూజలో వినిపించడమైతే టేపు వేసినట్టే.

2002 నాటి రోమను పూజాగ్రంథ సాధారణ ఉపదేశం 313వ పేరా ప్రకారం ఆగమనకాలంలో వాయిద్యాలు మితంగా ఉండాలి. తపస్కాలంలో పాటకు ఆసరాగా మాత్రమే వాయించాలి. తపస్కాలపు నాలుగవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు దీనికి మినహాయింపు. అందుచేత క్రిస్మసు రాత్రి ఎలా మోగుతుందనే కాదు, తపస్కాలపు శుక్రవారంనాడు ఎంత నెమ్మదిగా పలుకుతుందన్నది కూడా చూసుకోవాలి.

ఇది పనిచేసే తీరు

ఈ రకాన్ని దుకాణాల్లో అరేంజర్ కీబోర్డు అంటారు. మెట్లు రెండు భాగాలుగా విడిపోతాయి. కుడిచేయి పాట వరుస వాయిస్తుంది. ఎడమచేయి రెండుమూడు మెట్లు కలిపి పట్టుకుంటే, అది ఏ కార్డో యంత్రం గుర్తించి, దానికి తగినట్టు తాళం, బేసు, తోడు వాయిద్యాలు తానే నడుపుతుంది. పాటకు ముందు వచ్చేది ఇంట్రో, మధ్యలో మలుపు ఫిల్, చివర ఎండింగ్. వీటన్నిటినీ కలిపి స్టైల్ అంటారు. మనవాళ్ళు రిథమ్ అంటారు.

చిక్కు ఇక్కడే ఉంది. యంత్రం లెక్క తప్పదు. మన జనం చరణం చివర ఒక ఊపిరి ఆగుతారు. డోలకు కొట్టేవాడు జనం మొహాలు చూసి ఆగుతాడు. యంత్రం ఆగదు. కొన్నింటిలో 'సింక్ స్టాప్' అనే ఏర్పాటు ఉంటుంది. ఎడమచేయి ఎత్తగానే తాళం ఆగుతుంది, మళ్ళీ ఆనించగానే మొదలవుతుంది. ఆ మామ్మ అడిగిన సందు అదే. రెండువందల రిథమ్స్ కంటే ఈ ఒక్క మీట మనకు ఎక్కువ పనికొస్తుంది.

ఏ సౌకర్యానికి ఎంత విలువ?

ఒకటి, మెట్లు. గుడికి 61 మెట్లు చాలు. అయితే అవి స్పర్శను గుర్తించేవి కావాలి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. ఈ గుణం లేనిదానితో ప్రార్థనాపూర్వకంగా వాయించడం కష్టం.

రెండు, ట్రాన్స్‌పోజ్. గానబృందంలోని ఆడపిల్లలు ఐదు శ్రుతిలో అవలీలగా పాడే పాట పెద్దలకు అందకపోవచ్చు. ట్రాన్స్‌పోజ్ మూడు మెట్లు తగ్గిస్తే అది మూడు శ్రుతికి వస్తుంది. వాయించేవాడు వేళ్ళు మార్చుకోనక్కరలేదు. ఇది చౌకరకాల్లోనూ ఉంటుంది. ఉన్నదాన్ని వాడకపోవడమే మన లోపం.

మూడు, పాలిఫొనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు పలకగలదన్న లెక్క. తాళం, బేసు, తోడు వాయిద్యాలు కూడా ఈ లెక్కలోనివే. రిథమ్ నడుస్తుండగా 32 చాలక కొన్ని స్వరాలు మధ్యలో తెగిపోవచ్చు. 48 గాని 64 గాని ఉంటే నిశ్చింత.

నాలుగు, మన నడకలు. ఎనిమిది మాత్రల కహర్వా, ఆరు మాత్రల దాద్రా చక్కగా ఉంటే మన పాటల్లో ఎక్కువ భాగానికి సరిపోతాయి. యమహా, కేసియో కంపెనీలు భారతదేశం కోసమే తబలా, డోలకు, సితారు, హార్మోనియం ధ్వనులు చేర్చిన రకాలు తెచ్చాయి. యమహా వారి పి.ఎస్.ఆర్. ఐ500 అటువంటిది. అందులో 801 ధ్వనులు, 260 రిథమ్స్ ఉన్నాయి. మంచిదే, కాని మన గుడిలో ఏడాది పొడుగునా పదికి మించి వాడతామా? ఆర్గను, హార్మోనియం, వేణువు, వయొలిన్ల గుంపు, పియానో వినసొంపుగా ఉన్నాయా అన్నది చూడండి. మిగతావి లెక్కకే.

ఐదు, శబ్దం బయటికి వెళ్ళే దారి. చిన్నవాటి స్పీకర్లు ఫ్యాన్లు తిరిగే గుడికి చాలవు. ఆంప్లిఫయరుకు కలపాలి. చౌకవాటిలో హెడ్‌ఫోను రంధ్రం ఒక్కటే ఉంటుంది. విడిగా ఔట్‌పుట్ ఉంటే మేలు.

ఆరు, కరెంటు. సగం పూజలో కరెంటు పోతే బ్యాటరీలతో నడుస్తుందా? ఖరీదైనవాటిలో చాలావాటికి ఈ వసతి ఉండదు. అడాప్టరు కంపెనీదే వాడాలి. వోల్టేజీ, ప్లస్ మైనస్ తేడాపడితే వాయిద్యమే పాడవుతుంది.

ధర ఎంత, ఖర్చు ఎంత?

నేడు బజారులో ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి. పదివేల లోపువాటికి సాధారణంగా స్పర్శ గుణం ఉండదు. అవి పిల్లలు నేర్చుకోవడానికి. పన్నెండు నుండి ఇరవై వేల మధ్య స్పర్శ గుణం ఉన్నవి వస్తాయి. మన ధ్వనులున్న రకాలు పాతిక నుండి నలభై వేల మధ్య ఉంటాయి. డెబ్బై వేలు దాటితే, లక్ష పైబడితే, అవి కచేరీలు చేసుకొని బ్రతికే కళాకారుల పనిముట్లు. రెండువందలమంది కూడే పల్లె గుడికి రెండవ, మూడవ మెట్టు దాటనక్కరలేదని నా అభిప్రాయం. కొనేముందు గుంటూరులోనూ బెజవాడలోనూ రెండు దుకాణాలైనా అడగండి. బిల్లు, వారంటీ కార్డు విచారణ పేరున తీసుకోండి.

ధర వేరు, ఖర్చు వేరు. మీ దగ్గర నలభై వేలు ఉన్నాయనుకోండి. నలభై వేల కీబోర్డు కొనకండి. ఇరవై ఏడు వేలలో వాయిద్యం చూడండి. ఐదు వేలు స్టాండు, పెడలు, వైరు, సంచికి పెట్టండి. మిగిలిన ఎనిమిది వేలు ఇద్దరు ముగ్గురు పిల్లలకు నేర్పే మాస్టారికి ఉంచండి. ఇది కూడా అనుభవం నేర్పిన పాఠమే. ఆ విచారణలో వాయించే అబ్బాయికి హైదరాబాదులో పని దొరికి వెళ్ళిపోయాడు. మరొకరికి నేర్పించని పాపానికి మా కీబోర్డు ఎనిమిది నెలలు దుప్పటి కప్పుకొని పడుకుంది.

వేసవిలో రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలిసిందే. రేకుల గదిలో, కిటికీ పక్కన వాయిద్యాన్ని ఉంచకండి. దుమ్ము, ఎలుకలు, చీమలు దానికి శత్రువులు. పాతది కొనేటట్లయితే ప్రతి మెట్టూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. లోపలి రబ్బరు అరిగిన మెట్టు పలకదు, లేదా ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది.

మూడు అడుగులు

పునీత అక్వినాసు తోమాసుగారు వివేకం చేసే పనులు మూడని చెప్పారు: ఆలోచించడం, తీర్పు చేసుకోవడం, ఆచరణలో పెట్టడం. ఆలోచన ఊళ్ళోనే జరగాలి. ఎంత డబ్బు, ఎవరు వాయిస్తారు, ఏ పాటలు పాడతాం అన్నవి కాగితం మీద రాసుకోండి. తీర్పు దుకాణంలో జరగాలి. వాయించేవానితోపాటు పాట ఎత్తుకొనే పెద్దమ్మను కూడా తీసుకువెళ్ళండి. ప్రవేశగీతం, కానుకల పాట, మరియమాత పాట ఒక్కొక్కటి వాయించమనండి. ముందు రిథమ్ లేకుండా, తరువాత దానితో. ఆమె సులువుగా పాడగలిగితే అది మీ కీబోర్డు. ఆచరణ మాత్రం ప్రతి ఆదివారం జరగాలి.

మా కథ ముగింపు చెప్పాలి కదా. ఆ తపస్కాలమంతా రిథమ్ మీట ముట్టుకోలేదు. శ్రుతి మూడు మెట్లు దించాం. మొదటి పంక్తి మామ్మ ఒక్కతే ఎత్తుకొనేది, రెండవ పంక్తికి కీబోర్డు కలిసేది. అటక మీది డోలకు కిందికి దిగింది. పాస్కా రాత్రికి రిథమ్ మళ్ళీ వచ్చింది. దాని శబ్దాన్ని విడిగా సగానికి తగ్గించాం. ఆ రాత్రి నేను పీఠం దగ్గర నిలబడి విన్నది కీబోర్డును కాదు, జనాన్ని. ఆరువందల టోన్ల పెట్టెలో ఆ టోను లేదు.

విచారణ సలహా సంఘం, గానబృందం కలిసి చర్చించుకోవడానికి:

1. గత ఆదివారం మన గుడిలో నిజంగా పాడినవారు ఎందరు?
2. మన పాటలకు ఏ నడకలు, ఏ ధ్వనులు కావాలి? పదికి మించకుండా రాయండి.
3. ఇప్పుడు వాయించేవారు వెళ్ళిపోతే తరువాత ఎవరు? వారికి నేర్పేది ఎవరు?
4. కొన్న తరువాత లెక్క విశ్వాసులందరి ముందు ఎప్పుడు చదువుతాం?